ముప్పై ఒకటో పేరు

సర్కారు బడికి టీచర్ల జీతాలు ట్రెజరీ నుంచి వస్తాయి. చాక్‌పీసులు, రిజిస్టర్లు, ఊడిపోయిన కిటికీ రెక్క, చీపుర్లు, ఫినాయిల్ కొనే డబ్బు మాత్రం కాంపోజిట్ స్కూల్ గ్రాంటు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ హెడ్మాస్టరుకైనా ‘గ్రాంటు పడ్డదా’ అన్న మాట తెలుసు. చిన్న మొత్తమే అయినా, అది బడిదాకా చేరే పద్ధతిని దగ్గరగా చూస్తే ఎంత ఆలోచించి కట్టారో తెలుస్తుంది.

మొదటిది ప్రతి బడికీ ఉండే గుర్తింపు సంఖ్య, యూడైస్ నంబరు. పదకొండు అంకెలు. ముందు రెండు రాష్ట్రానివి, తెలంగాణకు 36. తర్వాత రెండు జిల్లాకు, రెండు మండలానికి, మూడు ఊరికి, చివరి రెండు ఆ ఊళ్లోని బడికి. అడవి అంచున ఉన్న తండా బడి కూడా ఈ అంకెలతో తప్పిపోకుండా దొరుకుతుంది.

ఆ నంబరు కింద నమోదైన పిల్లల సంఖ్యే గ్రాంటును తేలుస్తుంది. ముప్పై మంది లోపుంటే ఏడాదికి 10,000 రూపాయలు, వందదాకా 25,000, 250దాకా 50,000, వెయ్యిదాకా 75,000, ఆపైన లక్ష. తలకింత అని పంచకుండా మెట్లు కట్టడంలోనే తెలివి ఉంది. పది మంది బడిలో తలకు వెయ్యి పడుతుంది, వంద మంది బడిలో 250. పిల్లలు తక్కువైనా నల్లబల్ల ఒకటి ఉండాల్సిందే కదా, చిన్న బడికి ఆ మేరకు ఆసరా దొరుకుతుంది. ఇక అడ్మిషన్ రిజిస్టరులో ముప్పై ఒకటో పేరు ఎక్కిందంటే గ్రాంటు 15,000 పెరుగుతుంది. బడిబాటలో ఇంటింటికీ తిరిగే టీచరుకు ఆ ఒక్క పేరు విలువ బాగా తెలుసు.

తలకింత అని కట్టే పద్ధతి అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉంది. అక్కడ ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచే ఆన్‌లైన్ చార్టర్ బడిలో చేరిన పిల్లకు సొంత స్కూల్ డిస్ట్రిక్టే డబ్బు కట్టాలి. ఆ మొత్తం డిస్ట్రిక్టు తన పిల్లల మీద పెట్టే ఖర్చును బట్టి తేలుతుంది. అందుకే ఒకే పాఠానికి ఒక్కో డిస్ట్రిక్టు ఒక్కో ధర కడుతుంది. మన దగ్గర కరోనా వేళ 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు మొదలైనప్పుడు ఏ బడికీ బిల్లు రాలేదు. ప్రభుత్వమే భరించిన పాఠం, టీవీ లేని పిల్లలకు పంచాయతీ ఆఫీసులోనూ వినబడింది.

మళ్లీ గ్రాంటుకొస్తే, నాకు అన్నిటికన్నా నచ్చింది ఖాతా. 2021లో కొత్త నిబంధనలు వచ్చాక గ్రాంటు మొత్తం రాష్ట్ర స్థాయిలో ఒకే ఖాతాలో ఉంటుంది. బడి ఖాతాలో నిల్వ ఎప్పుడూ సున్నా. హెడ్మాస్టరు చేతిలో ఉండేది వాడుకునే పరిమితి మాత్రమే. చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్ఎంఎస్‌లో బిల్లు నమోదు చేసేది ఒకరు, ఆమోదించేది మరొకరు. అప్పుడే డబ్బు కదులుతుంది, నేరుగా దుకాణదారు ఖాతాలోకి వెళుతుంది.

కాగితం పని ఇంకా పకడ్బందీగా ఉంటుంది. చాక్‌పీసు పెట్టెలు కొంటే, ముందు బడి కమిటీ తీర్మానం. బిల్లుకు వోచరు నంబరు, అదే నంబరు క్యాష్‌బుక్కులో. బిల్లు మీద స్టాక్ రిజిస్టరు పేజీ నంబరు వేస్తారు, ఆ పేజీలో మళ్లీ వోచరు నంబరు. ఆడిట్‌కు వచ్చినాయన ఏ కొస పట్టుకున్నా రెండోది దొరుకుతుంది. అదే పేజీ చివరి గడిలో, బీరువాలో ఇంకా ఎన్ని పెట్టెలు మిగిలాయో రాసి ఉంటుంది.