ముడి వేసి చూపించు, తర్వాతే బ్యాడ్జీ

స్కౌట్లు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది జెండా పండగ. ఆగస్టు 15న హైస్కూలు మైదానంలో మెడకు స్కార్ఫులు చుట్టుకున్న పిల్లలు వరసగా నిలబడతారు. ముఖ్య అతిథికి సెల్యూట్ కొడతారు. ఎండకు సొమ్మసిల్లేవాళ్లకు మంచినీళ్లు అందిస్తారు, సభ అయ్యాక కుర్చీలు సర్దుతారు. మళ్లీ జనవరి 26 వచ్చేదాకా ఆ యూనిఫాం బీరువా దాటి బయటికి రాదు. ఆ స్కార్ఫు వెనక వందేళ్లు దాటిన శిక్షణ పద్ధతి ఒకటి ఉందనీ, దానికి మెట్లూ పరీక్షలూ ఆ పరీక్షలు పెట్టేవాళ్లకు నియమాలూ ఉన్నాయనీ చూసేవాళ్లకు తెలియదు. కొన్నిచోట్ల వేసుకున్న పిల్లలకూ తెలియదు.

ఆ పద్ధతి అవసరం మనుబోలు లాంటి ఊరికి ఎంతో ఉంది. నెల్లూరుకూ గూడూరుకూ నడుమ, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉన్న ఊరిది. రాత్రీ పగలూ లారీలు పోతూనే ఉంటాయి. చుట్టూ వరి పొలాలు, చెరువులు, కాలువలు. తూర్పుకు పోయేకొద్దీ రొయ్యల గుంటలు, ఆపైన కృష్ణపట్నం రేవు. నవంబరు వచ్చిందంటే ఈ తీరం కన్ను ఆకాశం మీదే. 1984 నవంబరు తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. 2015 నవంబరు వానలకు, 2021 నవంబరు వరదకు ఈ జిల్లాలో జాతీయ రహదారి మీదే రాకపోకలు ఆగిపోయాయి. ఇలాంటి చోట పద్నాలుగేళ్ల పిల్లకో పిల్లాడికో గాయానికి కట్టు కట్టడం, నీళ్లలో పడ్డవాడికి తాడు అందించడం, పదిమందికి వంట చేయడం వస్తే అది ఊరికి ఆస్తి. స్కౌటింగ్ నేర్పేది సరిగ్గా ఇవే.

మన గడ్డకు వచ్చిన దారి

1907 ఆగస్టులో బేడెన్ పావెల్ అనే బ్రిటిష్ సైన్యాధికారి ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవికి ఇరవైమంది దాకా పిల్లల్ని తీసుకెళ్లి గుడారాలు వేయించాడు. అందులో పేరున్న బడుల్లో చదివే దొరబిడ్డలూ ఉన్నారు, పనిపాటలు చేసుకునే ఇళ్ల పిల్లలూ ఉన్నారు. అందర్నీ కలిపి నాలుగు దళాలు చేసి, ఒక్కో దళానికి వాళ్లలోనే ఒకణ్ణి నాయకుడిగా పెట్టాడు. మరుసటి ఏడు ఆయన రాసిన పుస్తకం అచ్చయ్యాక ఉద్యమం దేశదేశాలకూ పాకింది.

1909లో బెంగుళూరు చేరింది. అయితే తెల్లవాళ్ల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు మాత్రమే చోటు దక్కింది, మన పిల్లలను చేర్చుకోలేదు. ఆ అవమానానికి జవాబు మద్రాసు నుంచే వెళ్లింది. 1916లో అనీ బిసెంట్, జార్జ్ అరండేల్ కలిసి భారతీయ బాలుర కోసం వేరే సంఘం పెట్టారు. ఆ స్కౌట్లు తలపాగా చుట్టుకున్నారు, మన పాటలు పాడుకున్నారు. నెల్లూరు అప్పుడు మద్రాసు రాజధానిలో ఒక జిల్లా. ఉత్తరాదిన 1918లో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయి సేవాసమితి స్కౌట్ సంఘం నడిపారు. స్వాతంత్ర్యం వచ్చాక ఈ పాయలన్నీ కలిశాయి. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది, మరుసటి ఏడు బాలికల గైడ్ సంఘమూ అందులో చేరింది. కొత్త సంస్థ తొలి జాతీయ జంబోరీ 1953లో మన హైదరాబాదులోనే జరిగింది.

ఎనిమిదిమంది లోకం

స్కౌటింగుకు ప్రాణం పెట్రోల్, అంటే ఆరు నుంచి ఎనిమిదిమంది పిల్లల దళం. అలాంటి రెండు మూడు దళాలు కలిస్తే ట్రూప్. ప్రతి దళానికీ ఓ జంతువు పేరో పక్షి పేరో ఉంటుంది, గైడ్లయితే పువ్వు పేరు కూడా పెట్టుకుంటారు. తమదంటూ ఓ జెండా, ఓ కేక, మైదానంలో ఓ మూల ఉంటాయి. నాయకుడు పెద్దవాడు కాడు, వాళ్లతోపాటు చదివే పిల్లవాడే. అతనికి తోడు మరొకడు. మిగతావాళ్లలో ఒకరు వంట చూస్తారు, ఒకరు సామాను లెక్క చూస్తారు, ఒకరు రోజువారీ సంగతులు రాస్తారు. పని లేనివాడంటూ ఉండడు. అరవైమంది తరగతిలో వెనక బెంచీలో దాక్కునే పిల్లవాడికి ఎనిమిదిమందిలో దాక్కోవడానికి చోటుండదు. శిబిరంలో వాడు నీళ్లు తేకపోతే ఆ పూట అన్నం ఉడకదు.

దళనాయకులంతా కూర్చునే సభ ఒకటుంది. దాన్ని కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. ఏ ఊరికి నడిచి వెళ్లాలి, ఉన్న డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి, నియమం తప్పినవాణ్ణి ఏం చేయాలి అన్నది అక్కడే తేలుతుంది. స్కౌట్ మాస్టారు అందులో ఉంటారు, సలహా ఇస్తారు, తీర్పు మాత్రం పిల్లలకు వదిలేస్తారు. పంచాయతీ అంటే ఏమిటో పన్నెండేళ్ల వయసులో చేసి తెలుసుకునే అవకాశం మన బళ్లలో మరెక్కడుంది?

గుర్తులు, ఆచారాలు కూడా ఇందులో భాగమే. మూడు వేళ్ల సెల్యూట్‌లో ఒక్కో వేలు ప్రతిజ్ఞలోని ఒక్కో భాగాన్ని గుర్తు చేస్తుంది: దైవం పట్ల, దేశం పట్ల విధి, ఇతరులకు సాయం, స్కౌట్ నియమాన్ని పాటించడం. దైవం అన్నచోట ధర్మం అని పలకాలనుకునేవారు అలాగే పలకవచ్చు. నియమాలు తొమ్మిది. నమ్మదగినవాడుగా ఉండడంతో మొదలై మనసా వాచా కర్మణా నిర్మలంగా ఉండడంతో ముగుస్తాయి. నడుమ పొదుపు ఉంది, ధైర్యం ఉంది, జంతువుల పట్ల దయ ఉంది, ప్రభుత్వ ఆస్తిని కాపాడడమూ ఉంది. కరచాలనం ఎడమచేత్తో చేస్తారు. డాలు పట్టే చేతిని చాచడం ఎదుటివాడి మీద నమ్మకానికి గుర్తని దీనికి ఆఫ్రికా నుంచి వచ్చిన కథ ఒకటి చెబుతారు. స్కార్ఫు కూడా అలంకారానికి పెట్టింది కాదు. విప్పితే చేయి విరిగినవాడికి మెడకు వేలాడదీసే కట్టు అవుతుంది.

మెట్టు తర్వాత మెట్టు

పదేళ్లు నిండిన పిల్లలు స్కౌట్లుగా, గైడ్లుగా చేరతారు. అంతకంటే చిన్నవాళ్లకు కబ్, బుల్‌బుల్ విభాగాలున్నాయి. చేరినవాడు మొదట ప్రవేశ్ పూర్తి చేయాలి. ప్రతిజ్ఞ, నియమాలు, జెండా మర్యాద, ఈల సంకేతాలు నేర్చుకోవాలి, రోజుకో మంచిపని చేసి డైరీలో రాసుకోవాలి. ఆ తర్వాత ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి పురస్కారం. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు నెలల వ్యవధి తప్పనిసరి. ఎంత చురుకైన పిల్లవాడైనా ఆ గడువు గడవాల్సిందే, ఆ నెలలన్నీ ట్రూప్‌లో పనిచేయాల్సిందే. ఆరో తరగతిలో మొదలుపెట్టినవాడికి పై మెట్లు హైస్కూలు చివర్లో గానీ అందవు.

పరీక్ష పెట్టేవాళ్లు కూడా మెట్టుమెట్టుకూ మారతారు. కింది మెట్లు ట్రూప్ స్థాయిలోనే చూస్తారు. పైకి పోయేకొద్దీ జిల్లా, రాష్ట్రం, చివరకు జాతీయ సంస్థ పరీక్షా శిబిరాలు పెడతాయి. పై మెట్లలో నేర్పినవాడే మార్కులు వేసుకునే వీలు లేకుండా చేసిన ఏర్పాటిది. చివరి పురస్కారం రాష్ట్రపతి పేరున ఇస్తారు. మనుబోలు ఉన్న అసెంబ్లీ నియోజకవర్గం సర్వేపల్లి. రాష్ట్రపతి అయిన రాధాకృష్ణన్ ఇంటిపేరు ఆ ఊరిదే. రాష్ట్రపతి అన్న పిలుపు ఈ ప్రాంతపు పిల్లలకు దూరపు మాటేమీ కాదు.

పరీక్ష ఎలా ఉండాలో రీఫ్ నాట్‌తో చూద్దాం. కుడిచేతి కొసను ఎడమదాని మీదుగా తిప్పి బిగించాలి, తర్వాత ఎడమచేతి కొసను కుడిదాని మీదుగా తిప్పాలి. ముడి బల్లపరుపుగా కూర్చుంటుంది. గాయం మీద కట్టుకు ఇదే వాడతారు, ఎందుకంటే ఒంటికి గుచ్చుకోదు, విప్పాలంటే సులువు. రెండోసారి కూడా కుడి కొసనే పైకి తిప్పితే ముడి అడ్డంగా మెలిపడి జారిపోతుంది. కాగితం మీద నిర్వచనం రాసిన పిల్లవాడికి ఈ తేడా తెలియదు. కళ్లు మూసుకుని వేసి, లాగి చూపించినవాడికి తెలుస్తుంది. బౌలైన్ ముడి మరోరకం. తాడులో చిన్న మెలిక చేసి, కొసను కింది నుంచి అందులోకి తెచ్చి, పొడవు తాడు వెనకగా తిప్పి, మళ్లీ అదే మెలికలోకి దించాలి. ఆ ఉచ్చు బిగుసుకోదు, జారదు. కాలువలో పడ్డవాడు చంకల కింద తొడుక్కుంటే ఊపిరాడకుండా నొక్కదు. ఈత వచ్చినా సరే ముందు గట్టు మీద నుంచి కర్రో తాడో అందించాలి, తెగించి దూకకూడదు అన్నది దాంతోపాటు నేర్పే నియమం.

దూరాలు, ఎత్తులు అంచనా వేయడమూ ఇలాంటిదే. ఐదడుగుల కర్రను నిలబెడితే నాలుగడుగుల నీడ పడిందనుకోండి. అదే వేళకు పక్కనున్న తాటిచెట్టు నీడ 32 అడుగులుంటే చెట్టు ఎత్తు 40 అడుగులు. త్రైరాశికం తరగతిలో బుర్రకెక్కనివాడికి తాటిచెట్టు కింద ఎక్కుతుంది.

నేర్పే విషయాలు కాలంతోపాటు మారాలి కూడా. పాము కాటేస్తే పైన గట్టిగా తాడు బిగించమని, కాటు దగ్గర కోయమని ఒకప్పుడు చెప్పేవారు. ఇప్పుడు వైద్యులు ఆ రెండూ వద్దంటున్నారు. కరిచిన కాలో చెయ్యో కదలనీయకుండా ఉంచి, నడిపించకుండా మోసుకెళ్లి, విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. మోయడానికి రెండు కర్రలు, గుండీలు పెట్టిన రెండు చొక్కాలు ఉంటే చాలు, స్ట్రెచర్ తయారవుతుంది. 108 బండి వచ్చేలోపు రహదారి పక్కన చేయగలిగిన పని ఇది. పాత పుస్తకం చూసి పాత వైద్యం నేర్పే మాస్టారు ఆ మేరకు ప్రమాదమే.

వెనక నిలబడే పెద్దవాళ్లు

స్కౌట్ మాస్టారు కావడానికి కూడా మెట్లున్నాయి. బేసిక్ కోర్సు, అడ్వాన్స్‌డ్ కోర్సు, ఆపైన హిమాలయ వుడ్ బ్యాడ్జి. శిబిరంలో ఆ ఉపాధ్యాయులనూ దళాలుగా విడగొడతారు. బడిలో బెత్తం పట్టుకునే మాస్టారు అక్కడ పొయ్యి ఊదుతారు, గిన్నెలు తోముతారు, ఈల వేస్తే పరుగెత్తుతారు. పిల్లలకు పని చెప్పేముందు ఆ పని ఎంత కష్టమో తమ ఒంటికి తెలియాలన్నది ఇందులోని మర్మం. వుడ్ బ్యాడ్జి శిక్షణ 1919లో లండన్ దగ్గరి గిల్‌వెల్‌లో మొదలైంది. పూర్తిచేసినవారికి తోలుతాడుకు గుచ్చిన రెండు చెక్కపూసలు ఇస్తారు. మొదటి పూసలు దినుజులు అనే జులు నాయకుడి హారంలోవని చెబుతారు. మన దేశంలో ఈ శిక్షణలకు పెద్ద కేంద్రం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ.

ఇన్ని శిక్షణలూ నేర్పే అసలు విద్య చేతులు కట్టుకుని నిలబడడం. గుడారం వంకరగా వేస్తున్న పిల్లలను చూస్తూ ఊరుకోవడం పెద్దవాళ్లకు చాలా కష్టం. వెళ్లి తాడు లాక్కుని తానే కట్టేస్తే పది నిమిషాల్లో పనైపోతుంది, పిల్లలకు మాత్రం ఏమీ రాదు. రాత్రి గాలికి గుడారం ఒరిగితే వాళ్లే లేచి సరిచేసుకుంటారు, మర్నాడు మేకు ఏటవాలుగా దిగ్గొడతారు. అయితే పొయ్యి దగ్గర, నీళ్ల దగ్గర, రహదారి దాటేచోట ఈ ఓపిక పనికిరాదు. అక్కడ పెద్దవాడి కన్ను రెప్ప వేయకూడదు. ఎక్కడ వదలాలో ఎక్కడ పట్టుకోవాలో తెలిసినవాడే మంచి మాస్టారు. పిల్లల భద్రతకు ఉన్న నియమాలూ మొహమాటం లేకుండా పాటించాలి. ఆడపిల్లల శిబిరంలో మహిళా నాయకులు తప్పక ఉండాలి. ఏ పెద్దవాడూ ఏ పిల్లతోనూ పిల్లాడితోనూ ఒంటరిగా ఉండకూడదు. తల్లిదండ్రులు ఎప్పుడొచ్చినా తలుపు తెరిచి ఉండాలి.

దారి తప్పేది ఇక్కడే

రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా కింద ఉద్యోగాలున్నాయి. వాటికి రాష్ట్రపతి స్కౌట్ లాంటి పై మెట్ల అర్హత అడుగుతారు. రైలుకట్ట పక్కన ఉన్న ఊళ్లలో ఈ కబురు త్వరగానే పాకుతుంది. ఆశపడడంలో తప్పు లేదు. పేదింటి పిల్లవాడికి అదో దారి. తప్పు ఎక్కడంటే, సర్టిఫికెట్ ముందు, నేర్చుకోవడం తర్వాత అయినప్పుడు. శిబిరానికి రెండు రోజుల ముందు లాగ్‌బుక్ మొత్తం ఒకే సిరాతో నింపించడం, చేయని మంచిపనులు డైరీలోకి ఎక్కించడం, ముడి వేయడం రాకపోయినా పోనీలే పాపం అని సంతకం పెట్టడం జరిగేచోట పిల్లవాడు నేర్చుకునే మొదటి పాఠం అబద్ధం. తొమ్మిది నియమాల్లో మొదటిది నమ్మదగినవాడుగా ఉండడం అని చెప్పి, అదే చేత్తో దొంగ సంతకం పెట్టే పెద్దవాడు ఆ ఒక్క నిమిషంలో పద్ధతి మొత్తాన్ని కూలదోస్తాడు.

రెండో ఇబ్బంది తీరిక. చాలా బళ్లలో స్కౌటింగ్ పీఈటీ మాస్టారి మీద పడే అదనపు బరువు. వారానికో పీరియడ్, ఏడాదికో శిబిరం, ఒక తాడుకట్ట, కర్రలు, ప్రథమ చికిత్స పెట్టె. అడిగేది ఇంతే. అదీ లేకుండా యూనిఫాం మాత్రం కుట్టిస్తే మిగిలేది జెండా పండగ వరస.

ప్రధానోపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక మనవి. మీ అబ్బాయో అమ్మాయో బ్యాడ్జీ తెచ్చి చూపిస్తే సంతోషించండి, వెంటనే చేతికి ఓ తాడు కూడా ఇవ్వండి. బౌలైన్ వేయమనండి. పాము కరిస్తే ఏం చేస్తావని అడగండి. ఆదివారం పూట వంటగది వాళ్లకు అప్పగించి చూడండి. తడబడితే పిల్లల్ని తిట్టకండి, బడికి వెళ్లి మాస్టారితో మాట్లాడండి. పిల్లవాడు ఇంకో మూడు నెలలు అదే మెట్టు మీద ఉన్నా ఫర్వాలేదు, నేర్చుకున్నాకే సంతకం పెట్టండని మీరే చెప్పండి. ఆ మాట తల్లిదండ్రుల నోట వస్తే మాస్టారికి కొండంత బలం.