పలనాటి వీరగాథ: పూర్వజన్మ భావన, వంశస్మృతి

పూర్వులు చేసిన యుద్ధము ఒక వంశమువారికి తరతరముల కథగా నిలుచుట లోకమున సామాన్యమే. కాని ఆ యుద్ధము పరులతో గాక అన్నదమ్ముల నడుమ జరిగినదైనచో, వినువారికి గర్వముతోపాటు ఒక చిక్కును సంక్రమించును. చంపినవారును చచ్చినవారును ఒక్క యింటివారే గదా! 12వ శతాబ్ది చివరిభాగమున నాగులేటి యొడ్డున, కారెంపూడివద్ద జరిగిన పలనాటి యుద్ధము ఇట్టిది.

అనుగురాజు కుమారులలో నలగామరాజు గురజాలను, మలిదేవరాజు మాచెర్లను ఏలిరి. నలగామునికి నాయకురాలు నాగమ్మయు, మలిదేవునికి బ్రహ్మనాయుడును మంత్రులు. కోడిపందెమున ఓడి మాచెర్లవారు ఏడేండ్లు వలసపోయిరి. గడువు తీరినపిమ్మట రాయబారమునకు వచ్చిన అలరాజు విషప్రయోగమునకు బలియయ్యెను. అతడు నలగామునికి స్వయముగా అల్లుడు. అటుపై యుద్ధము తప్పలేదు.

ఈ గాథను మంజరీద్విపదలో శ్రీనాథుడు రచించెనని ప్రసిద్ధి. ఆ కావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. చదువరులకు భారతము స్ఫురింపక మానదు. జూదమునకు బదులు కోడిపందెము, అరణ్యవాసమునకు బదులు వలస, అభిమన్యుని చోట బాలచంద్రుడు కనిపింతురు. బ్రహ్మనాయుడు విష్ణ్వంశమున పుట్టినవాడని వీరాచారపరుల విశ్వాసము. ఈ గాథకు భారతము పూర్వజన్మము వంటిదన్నను తప్పులేదు.

ఈ పూర్వజన్మ భావనవలన ఒక లాభము, ఒక నష్టము కలవు. ఒక చిన్న సీమలోని దాయాదుల తగవునకు ఇతిహాస గౌరవము లభించుట లాభము. అంతయు ముందే వ్రాసిపెట్టియున్నదని తలచినచో, అలరాజు మృతికి బాధ్యులెవరను ప్రశ్నయే మాసిపోవును. ఇది నష్టము. అవతారపురుషుని పక్షమువారు తప్పు చేయరు. ఎదుటిపక్షమువారు తప్పు తప్ప మరేమియు చేయరు. మనుష్యులు చేసిన పనిని దైవముపైకి త్రోయుట వంశగౌరవమునకు సుఖమే కాని, కథకు న్యాయము కాదు.

కావున ఈ గాథ విలువను భారతముతో పోలికలు కుదిరినచోట గాక, కుదరనిచోట వెదకవలెను. నాగమ్మను శకునితో పోల్చుట పరిపాటి. కాని రాజ్యతంత్రము నడపి, యుద్ధమునకు నాయకత్వము వహించిన స్త్రీ శకుని కొలతకు లొంగదు. మాలకులమున పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు పుత్రునిగా చేకొనెను. భేదములు మాని అందరును ఒక్కచో భుజించు చాపకూటికి భారతమున సాటి లేదు. బాలచంద్రుడు తన్ను విడిచి రణమునకు పోయెనని బ్రాహ్మణుడైన అనపోతు ప్రాణము విడుచుట ఈ గాథకే చెల్లిన కరుణము.

ముగింపు మరియు భిన్నము. భారతమున గెలిచినవారు రాజ్యమేలిరి. ఇచ్చట బ్రహ్మనాయుడు పుత్రుని కోల్పోయి, మిగిలిన నలగామునికే రాజ్యమప్పగించి గుత్తికొండ బిలము ప్రవేశించెనని జనశ్రుతి. కావున ఈ యుద్ధమునుండి వంశమువారికి దక్కినది విజయము కాదు, దుఃఖము.

ఈ సత్యమును ఆచారము మరువలేదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోనున్న కారెంపూడిలో కార్తిక అమావాస్య మొదలుకొని ఐదు దినములు వీరారాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరుల వంశములవారు తాము కాపాడిన ఆయుధములను తెచ్చి నాగులేట స్నానము చేయింతురు. వీరస్మరణకు ఏర్పడిన దినములలో కోడిపోరునకును, విఫలమైన రాయబారమునకును చోటుండుట గమనింపదగినది. శౌర్యముతోపాటు పొరపాటును ఏటేట తలచుకొను స్మృతి ఇది. మందపోరునాడు చాపకూడు జరుగుట మరింత అర్థవంతము.

ఈ స్మృతి రక్తసంబంధులకు మాత్రమే చెందినదియు కాదు. గాథను తరతరములుగా నోటితో నిలిపినవారు వీరవిద్యావంతులను గాయకులు, వారు మాలలు. జీన్ రోగేర్ 1982లో ప్రకటించిన ఆంగ్లగ్రంథమునకు ఆధారము వారి పాటయే. రాజవంశములు పోయినను, రాజులు కానివారి కంఠమున కథ బ్రదికినది.

పుట్టినసీమకు దూరముగా తరములు గడపిన తెలుగువారికి ఇట్టి గాథలపై మక్కువ హెచ్చుగా నుండుట సహజము. ఊరు దూరమైనకొలది పూర్వుల పేరు దగ్గరగును. అయితే ఆ పేరుతో బిడ్డలకు అందింపదగినది పగ కాదు. ఏ పక్షమువారి సంతతియని చెప్పుకొన్నను, పలనాటి గాథ వారికిచ్చు వారసత్వము రెండు విధములు: నీటకడిగిన కత్తి, అందరికిని పరచిన చాప. మొదటిది వంశములవారి యిండ్లలో భద్రముగనే యున్నది. రెండవదానిని నిలుపుటకు వంశవృక్షము అవసరము లేదు.