రాండోరి: ఎదురు తిరిగే మనిషితో సాధన

జూడో సాధనలో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. కటాలో ఎవరు పట్టుకోవాలో, ఎవరు పడాలో ముందే ఖాయం. రాండోరిలో ఇద్దరూ ఒకరినొకరు పడగొట్టడానికే చూస్తారు. 1882లో టోక్యోలోని ఎయిషోజి ఆలయంలో, పన్నెండు చాపలు పట్టే గదిలో తన జూడో పాఠశాల కోడోకాన్‌ను ప్రారంభించిన కానో జిగోరో రెండింటినీ ఉంచినా, పెద్ద పీట రాండోరికే వేశాడు.

అంతకుముందు ఆయనకు జుజుత్సు నేర్పిన గురువు ఫుకుదా హచినొసుకే. ఒకసారి గురువు విసిరేస్తే, చెయ్యి ఎక్కడ వేశారు, కాలు ఎలా కదిపారు అని కానో అడిగాడు. జవాబుగా గురువు మళ్లీ విసిరేశాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే. పడగా పడగా దానంతటదే ఒంటబడుతుందని ఆ పెద్దాయన నమ్మకం. అది సగమే నిజం. ఎందుకు పడుతున్నామో తెలియకపోతే పడటమే అలవాటవుతుంది. ఆ కారణం కానోకు తర్వాతి గురువుల్లో ఒకరైన ఈకుబోతో తలపడుతున్నప్పుడు దొరికింది: విసరడానికి ముందే ఎదుటివాడి నిలకడ చెదరగొట్టాలి. దీన్నే కుజుషి అంటారు. నిలకడ చెదిరిన మనిషిని పడెయ్యడానికి పెద్ద బలం అక్కర్లేదు.

కళ్లలో పొడవడం, వేళ్లు విరవడం, పిడిగుద్దులు రాండోరిలో నిషేధం. పదును పోయినట్టు కనిపించినా, అసలు లాభం ఇక్కడే ఉంది. కళ్లలో పొడిచే దెబ్బను తోటివాడి మీద పూర్తి బలంతో ప్రయత్నించలేరు, గాలిలోకి విసరాల్సిందే. ఎత్తి పడెయ్యడం అలా కాదు, రోజూ ఒళ్లు దాచుకోకుండా సాధన చేయొచ్చు. గోదాలో దిగిన పహిల్వాన్లకు ఇది కొత్త సంగతేం కాదు.

రోజూ పడాలి కాబట్టే ముందు నేర్పేది ఉకెమి, అంటే పడటం. గడ్డం ఛాతీకి ఆనించాలి, లేకపోతే తల వెనక భాగం నేలకు తగులుతుంది. వెల్లకిలా పడేటప్పుడు చేతిని ఒంటికి కాస్త ఎడంగా చాచి, అరచేతి నుంచి మోచేతి దాకా ఒక్కసారే చాపను చరచాలి. కొత్తవాళ్లు భయంతో అరచెయ్యి నేలకు ఊనేస్తారు. మణికట్టో మోచెయ్యో దెబ్బతినేది అప్పుడే.

రాండోరికీ లోటుంది. నియమం దేన్ని వద్దంటే శరీరం దాన్ని మరిచిపోతుంది. 2010 నుంచి పోటీల్లో కాళ్లను నేరుగా పట్టుకోవడంపై ఆంక్షలు వచ్చాక, కాళ్లను కాచుకునే అలవాటు పలచబడింది. గుద్దులు, ఆయుధాలు ఎప్పుడూ రాండోరి పరిధిలో లేవు. కత్తి, కర్ర, పిస్తోలు పట్టుకొచ్చినవాడిని ఎదుర్కోవడానికి కోడోకాన్ 1956లో ఆత్మరక్షణ పద్ధతుల్ని కూర్చింది. అయితే అదీ కటాయే: కత్తి ఎటు నుంచి వస్తుందో ముందే తెలుసు.