తిమోతి యౌవనము, మన యువజన కూటములు: ఒక విమర్శనాత్మక పరిశీలన

తెలుగు సంఘములలో యువజన కూటమి వార్షికోత్సవము జరిగినప్పుడు వేదిక వెనుక బ్యానరు మీద తరచుగా కనిపించే వచనము 1 తిమోతి 4:12. దాని మీద చేసే ప్రసంగములు కూడ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. యౌవనస్థులు మాటలో, నడవడిలో జాగ్రత్తగా ఉండాలి, సినిమాలకు, సెల్‌ఫోనుకు దూరముగా ఉండాలి, పెద్దల మాట వినాలి. ఈ హితవులో తప్పు లేదు. అయితే ఆ వచనము ప్రధానముగా చెప్పేది ఇది కాదు. మన యువజన పరిచర్యలోని బలహీనతకు ఈ వ్యాఖ్యానమే ఒక మూలకారణమని మేము భావిస్తున్నాము.

1. వాక్య సందర్భము

తిమోతి యువజన కూటమి సభ్యుడు కాడు, ఎఫెసు సంఘ బాధ్యత మోస్తున్న సేవకుడు (1:3). పౌలు అతనిని వెంట తీసుకొనే నాటికే లుస్త్ర, ఈకొనియ సహోదరులలో అతనికి మంచి పేరున్నది (అపొ. కా. 16:1-3). అది సుమారు క్రీ.శ. 50వ సంవత్సర ప్రాంతము. ఈ పత్రిక పౌలు జీవితకాలములో, 60వ దశకములో వ్రాయబడినదని తీసుకుంటే మధ్యలో పదేళ్లకు పైగా గడిచాయి. కనుక తిమోతి ముప్పది దాటి ఉండవచ్చును. ఇక్కడి గ్రీకు పదము 'నెయొటేస్'. యౌవన దశ నలువదవ ఏట వరకు సాగునని రెండవ శతాబ్దపు ఐరేనియస్ అబద్ధ బోధలను ఖండిస్తూ వ్రాసిన గ్రంథములో (2.22.5) పేర్కొన్నాడు. మన వాడుకలో 'యూత్' అంటే పెండ్లి కానివారు. లేఖనములో పెండ్లి ఈ పదమునకు హద్దు కాదు.

ముందు వెనుకల వచనములు చూద్దాము. 11వ వచనము ఆజ్ఞాపించి బోధించుమంటుంది. 13వ వచనము సంఘములో లేఖనము చదువుట, హెచ్చరించుట, బోధించుట అనే పనులు అప్పగిస్తుంది. 14వ వచనము పెద్దలు హస్తములుంచి ఇచ్చిన వరమును గుర్తు చేస్తుంది. అంటే వయస్సు చిన్నదనే సాకుతో అప్పగించిన బాధ్యతను ఎవరూ తేలిక చేయరాదని భావము. అతడు మాదిరిగా ఉండవలసినది విశ్వాసులందరికి, వారిలో పెద్దలును ఉన్నారు. వెంటనే 5:1-2 వృద్ధులను తండ్రులుగా, తల్లులుగా, చిన్నవారిని అన్నదమ్ములుగా, అక్కచెల్లెండ్రుగా చూడుమంటుంది. ఇది ఒకే ఇంటి చిత్రము. వయస్సును బట్టి గదులుగా విడగొట్టిన సంఘమునకు ఇందులో ఆధారము లేదు.

2. చరిత్ర సాక్ష్యము

1881లో అమెరికాలోని పోర్ట్‌లాండు పట్టణములో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే కాపరి క్రిస్టియన్ ఎండెవర్ సమాజమును ఆరంభించాడు. ప్రతి సభ్యుడు కూటములో ఏదో ఒక విధముగా పాల్గొంటానని ప్రతిజ్ఞ చేయాలి, కమిటీలలో పని చేయాలి. మన కూటములు ఆ సమాజము నుండి సమావేశమును నిలుపుకొన్నాయి, బాధ్యతను జారవిడిచాయి.

దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో జన్మించారు. 1903లో తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముందున్నప్పుడు ఆయనకు ఇంకా ముప్పది నిండలేదు. 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ, 1912లో బిషప్పు అభిషేకము. ఇవన్నీ నలువదేళ్లలోపే. ఆ వయస్సులో ఆయనకు బాధ్యత అప్పగించినవారు ఉన్నారు కనుకనే తెలుగు ప్రాంతమునకు ఆ సేవ దక్కినది.

3. మనము తప్పించుకొన్న ప్రశ్నలు

నేడు ఇరువది ఐదేళ్ల యువతి పెండ్లితో స్త్రీల సమాజములోనికి వెళ్తుంది. అదే వయస్సు యువకునికి పెండ్లి తరువాత ఏ కూటమీ లేదు. కోచింగు కొరకు అమీర్‌పేట హాస్టలులో చేరినవాని పేరు ఊరి సంఘపు పుస్తకములో ఉంటుంది, మనిషిని ఏ కాపరీ ఎరుగడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన ఉద్యోగిని ఆదివారము ఉదయము ఆరాధనకు రాకపోతే వెనుకబడినదని అంటాము.

అన్నిటికంటె బరువైనది కుల ధ్రువపత్రపు ప్రశ్న. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును మొదట హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు బయటనే ఉన్నారు. మన రాష్ట్రములలో వారికి బి.సి.-సి వర్గము ఉన్నది. డిగ్రీ ముగించి దరఖాస్తు పూరించే యువకుడు తన బాప్తిస్మమునకు, జీవనమునకు మధ్య నలిగిపోతాడు. అతని మౌనమును ప్రసంగములో పిరికితనమని పిలుచుట సులభము. ఆ భారము పంచుకొనకుండ అతనికి పవిత్రతను మాత్రమే బోధించుట కాపరి పని కాదు.

4. ప్రతిపాదనలు

కార్యక్రమములు పెంచుమని మేము కోరుటలేదు. మొదట, పాస్టరేట్ కమిటీలో ముప్పదేళ్లలోపు స్త్రీపురుషులకు ఓటుతో, లెక్కలు చూచే అధికారముతో స్థానమివ్వాలి. రెండవది, ఊరు విడిచి వెళ్లే ప్రతి యౌవనస్థుని గూర్చి అక్కడి కాపరికి పేరు, విలాసముతో ఉత్తరము వ్రాయాలి. మూడవది, యువజన కూటములో ధ్రువపత్రము, నిరుద్యోగము, కట్నము, కులాంతర వివాహము వంటి విషయములను న్యాయవాదులు, పెద్దలు కూర్చుని వారితో కలిసి చర్చించాలి. నాలుగవది, ఆరాధనలో లేఖన పఠనము, బోధ వారికి క్రమముగా అప్పగించాలి.

అనుభవము లేనివారి చేతికిస్తే సంఘము చీలిపోతుందని కొందరంటారు. కొత్తగా చేరినవానిని అధ్యక్షునిగా చేయవద్దని 3:6 చెప్పుట నిజమే. అయితే అక్కడి ప్రమాణము విశ్వాసములో పరిణతి, వయస్సు కాదు. పైగా మన సంఘములలోని చీలికలలో ఎన్ని యౌవనస్థుల వలన వచ్చినవో పెద్దలే ఆలోచించుకొనవలెను.

కాబట్టి ఈ వచనమును బ్యానరు మీద వ్రాయించే ముందు దానిని సంఘ కమిటీ సమావేశములో చదువుట మేలు. అది మొదట వినవలసినది తృణీకరించే అవకాశమున్నవారే.