జిరాక్స్ గాజు మీద అక్షరం

ఢిల్లీలోని కటవారియా సరాయ్ సందుల్లో అడుగడుక్కీ జిరాక్స్ కొట్టు కనిపిస్తుంది. దగ్గర్లోనే ఐఐటీ, కాస్త అవతల జేఎన్‌యూ, పక్కనే కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియా. మధ్యలో ఒకదాన్నొకటి ఆనుకున్న మేడలు, పీజీ గదులు, గేట్, ఐఈఎస్ కోచింగ్ బోర్డులు. ఎవరో ఎప్పుడో క్లాసులో చేత్తో రాసుకున్న నోట్సు ఇక్కడ కాపీగా, కాపీకి కాపీగా చేతులు మారుతుంది. ఉద్యోగ పరీక్షల కోసం తెలుగు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలూ ఆ నోట్సే కొని రాత్రంతా కూర్చుని చదువుతారు. ఇంత కాగితం, ఇన్ని యంత్రాలు ఒక్కచోట ఉన్న ఈ పేట దృశ్యకవిత్వం నేర్చుకోవడానికి చక్కని బడి అని నా నమ్మకం.

దృశ్యకవిత అంటే చదవడంతో పాటు చూడడానికి కూడా చేసిన కవిత. అందులో ఒక శాఖ దొరికిన రాతతో పనిచేస్తుంది. కరపత్రం, అద్దె రసీదు, దరఖాస్తు ఫారం, ప్రశ్నపత్రం ఏదైనా సరే. కవి తన మాట ఒక్కటి కూడా చేర్చడు. తీసేస్తాడు, కోస్తాడు, కలుపుతాడు, పెద్దది చేస్తాడు. పనిముట్లు కూడా ఆఫీసువే: టైపు మిషను, సైక్లోస్టైల్, జిరాక్స్, వైట్‌నర్.

ఇది మనకు పరాయి విద్య అనుకుంటే పొరపాటు. కటవారియా సరాయ్ పక్కనే లాల్ బహదూర్ శాస్త్రి సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదువుకునే సంస్కృత అలంకారశాస్త్రంలో చిత్రకావ్యానికి పెద్ద చరిత్రే ఉంది. భారవి కిరాతార్జునీయం పదిహేనో సర్గలో, మాఘుడు శిశుపాలవధ పంతొమ్మిదో సర్గలో అక్షరాలతో వ్యూహాలు పన్నారు. మాఘుడి చక్రబంధంలో పద్యాన్ని ఆకుల చక్రంగా పేర్చి వలయాల వెంట చదివితే కావ్యం పేరూ కవి పేరూ బయటపడతాయి. తెలుగులో 17వ శతాబ్దపు గణపవరపు వేంకటకవి ‘ప్రబంధరాజ వేంకటేశ్వర విజయ విలాసము’లో ఈ బంధకవిత్వాన్ని కొసదాకా తీసుకెళ్లాడు. ఆలంకారికుల్లో ఆనందవర్ధనుడు చిత్రకావ్యం కవిత్వమే కాదు, కవిత్వానికి అనుకరణ అన్నాడు. మమ్మటుడు దాన్ని మూడో తరగతికి దించాడు. ఆ పెద్దల తీర్పు మన సాహిత్య విమర్శలో ఇంకా నడుస్తోంది. అక్షరానికి ఒక ఆకారం ఉందని, ఆ ఆకారం కూడా అర్థం పలికిస్తుందని ఒప్పుకోవడానికి మనం మరీ ఎక్కువ కాలం తటపటాయించాం.

జిరాక్స్ పుట్టుకే ఒక దొరికిన కవితలా ఉంటుంది. 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ తీసిన మొట్టమొదటి పొడికాపీ మీద ఉన్నది ఆ తేదీ, ఆ ఊరి పేరు, అంతే. సూత్రం తేలికే. డ్రమ్ము మీద స్థిరవిద్యుత్తు ఉంటుంది. కాగితంలో తెల్లగా ఉన్న మేరకు వెలుగు తగిలి ఆ విద్యుత్తు పోతుంది. అక్షరం ఉన్నచోట నిలుస్తుంది. అక్కడ నల్లపొడి అతుక్కుంటుంది, కొత్త కాగితం మీదికి దిగి వేడికి కరిగి పాతుకుంటుంది. ఆఫీసుల్లోకి దాన్ని మోసుకొచ్చిన 914 మోడల్ 1959లో వచ్చింది.

ఈ యంత్రం మన లిపిని ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి. ‘కథ’ అన్న మాటను చిన్న అక్షరాల్లో తీసుకుని కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ తీస్తూ పొండి. నలుపు తక్కువగా పెడితే సన్నని గీతలే ముందు రాలిపోతాయి. ముందు ‘థ’ పొట్టలోని చుక్క పోయి ‘కధ’ అవుతుంది. తర్వాత కింది నిలువు గీత కూడా పోయి ‘కద’ మిగులుతుంది. నలుపు ఎక్కువ పెడితే ఇందుకు విరుద్ధంగా చిన్న సున్నలు, మెలికలు పూడుకుపోతాయి. ఆ దశలన్నీ వరసగా ఒకే కాగితం మీద అతికిస్తే మాట అరిగిపోయే తీరు కంటికి కడుతుంది. మన లిపికి పైన తలకట్లు, గుడులు, కింద ఒత్తులు ఉన్నాయి. కత్తెరతో పంక్తిని అడ్డంగా కోసి కింది భాగం మాత్రమే ఉంచితే ఒత్తులు ఒంటరిగా నిలబడతాయి. రోమన్ లిపిలో పనిచేసేవాళ్లకు ఇంత సంపద లేదు.

లాగుడు అని ఇంకో పద్ధతి ఉంది. గాజు కింద దీపం నడుస్తుండగా కాగితాన్ని కదపడం. దీపంతో పాటు లాగితే అక్షరం సాగుతుంది, ఎదురు లాగితే కుదించుకుపోతుంది, పక్కకు లాగితే వాలిపోతుంది. చేతికి లయ అలవాటు కావడానికి చాలా కాగితం ఖర్చవుతుంది. కొట్టువాడు తొందరపెట్టని మధ్యాహ్నం వేళ చూసుకుని వెళ్లడం మంచిది.

ఇంటి నుంచి ఆవకాయ సీసాకు చుట్టి పంపిన తెలుగు పేపరు మరో నిధి. నూనె పీల్చిన చోట కాగితం పారదర్శకమై వెనక పుటలోని అచ్చు అద్దంలోలా తిరగబడి ముందు పుట అక్షరాల మీదికి వస్తుంది. కాపీ తీస్తే రెండు వార్తలూ కలిసిపోయి దిగుతాయి. గాజుకు నూనె అంటకుండా మధ్యలో పల్చటి ప్లాస్టిక్ షీటు వేయడం మరవకూడదు.

ఎంపికలోనే అసలు కవి తెలుస్తాడు. పరీక్ష హాల్లో ఇచ్చే సూచనల కాగితం తీసుకోండి. మాట్లాడరాదు, మడవరాదు, కొట్టివేయరాదు, వెలుపలికి పోరాదు. వాక్యాల మొదళ్లన్నీ, క్రియల మొదళ్లతో సహా, వైట్‌నర్‌తో చెరిపేసి చివరి రెండక్షరాలే ఎక్కడున్నవి అక్కడే ఉంచితే, పేజీ కుడి అంచున మెట్లు మెట్లుగా ‘రాదు, రాదు, రాదు’ దిగుతుంది. నాలుగేళ్లుగా ఉద్యోగ ప్రకటన కోసం చూస్తున్న వాడికి ఆ కాగితం వేరే పలుకు పలుకుతుంది. అక్కడ ఒక్క మాట కూడా కవిది కాదు. చెరపడం మాత్రం కవిదే.

టైపు మిషను పద్ధతి ఇంకా క్రమశిక్షణ కోరుతుంది. క్యారేజీ గడి గడిగా జరుగుతుంది కాబట్టి కాగితమంతా కనబడని గళ్లే. అదే నేటి బంధం. ఎరుపు, నలుపు రిబ్బన్లు మార్చవచ్చు, కొట్టిన అక్షరం మీదే మళ్లీ కొట్టవచ్చు, కాగితాన్ని అడ్డం తిప్పి ఎక్కించవచ్చు. ఇంగ్లండులో డొమ్ సిల్వెస్టర్ హువెడార్డ్ అనే బెనెడిక్టైన్ సన్యాసి చిన్న ఒలివెట్టి మిషను మీద గోపురాల్లాంటి ఆకృతులు నిర్మించాడు. బాబ్ కాబింగ్ డూప్లికేటరును, ఆ తర్వాత జిరాక్సును వాయిద్యాల్లా వాడాడు. టామ్ ఫిలిప్స్ 1966లో ఒక పాత నవల కొని, పేజీ పేజీకీ రంగు పూసి, అక్కడక్కడ వదిలిన మాటలతో ‘ఎ హ్యూమ్యుమెంట్’ అనే కొత్త పుస్తకం తీశాడు. మన దేశంలో అరవింద్ కృష్ణ మెహ్రోత్రా, ఆయన మిత్రులు 1965లో అలహాబాదు నుంచి ‘డామ్ యు’ పత్రికను సైక్లోస్టైల్ చేసి పంచారు. మరాఠీలో ఆర్.కె. జోషి అక్షరాన్నే కవితగా మలిచాడు. కంప్యూటర్లలో మనం చూసే మంగళ్ ఫాంట్ రూపకర్త ఆయనే.

కాపీ అనగానే హక్కుల ప్రశ్న వస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం మీద పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో వేసిన దావాను 2016 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. అయితే ఆ తీర్పు బోధన కోసం తీసే కాపీల గురించి, కవులకిచ్చిన అనుమతి పత్రం కాదు. చేతిరాత నోట్సు వాడాలంటే రాసినవాణ్ణి అడగాలి. టు-లెట్ కాగితం మీది ఫోన్ నంబరు మీద ముందుగా నలుపు పూయాలి. ఈ మర్యాద పాటించని దృశ్యకవితను నేను మెచ్చలేను.

ఈ పద్ధతిలో అచ్చాఫీసు గడప తొక్కలేనివాడు కూడా నాలుగు కాపీలు తీసి నలుగురికి పంచగలడు. అంతకన్నా ముఖ్యం, రోజంతా హుకుం జారీచేసే కాగితాన్ని ఒక్కసారి తన మాట వినేట్టు చేయగలడు. ఫారాలు నింపీ నింపీ విసిగిన కుర్రకారుకు ఇది చిన్న విషయం కాదు.

మీ ఊళ్లో మూతబడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు మిషను ఏదైనా మిగిలి ఉంటే దయచేసి పాత ఇనుముకు వేయనివ్వకండి. రిబ్బను మార్చి, నూనె వేసి, దగ్గర్లోని గ్రంథాలయానికో కళాశాల తెలుగు శాఖకో అప్పగించండి. దాని ముందు పిల్లల్ని కూర్చోబెట్టండి.