విల్లు, భర్మారు, కట్టె తుపాకి: తెలుగు సాహిత్యంలో వేటగాని ఆయుధం

ఉపోద్ఘాతం

తెలుగులో ‘వేట’, ‘షికారు’ అనే రెండు మాటలూ మొదట ఒకే పనిని చెప్పినా ఒకే దారిలో నడవలేదు. పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన షికారు క్రమంగా మృగాన్ని వదిలిపెట్టి విహారంగా మిగిలింది. సాయంత్రం చెరువుగట్టు దాకా వెళ్లివచ్చినా అది షికారే. వేట మాత్రం బతుకుతెరువును వదల్లేదు. తీరప్రాంతపు మత్స్యకారులు నేటికీ సముద్రం మీదికి ‘వేటకు’ పోతారు. జాతరలో బలి ఇచ్చే మేక ‘వేటపోతు’ అవుతుంది. ఒక మాట తీరిక వైపు, మరొక మాట తిండి వైపు సాగాయి. తెలుగు కావ్యాల్లోని మృగయను గురించిన విమర్శ ఎక్కువగా మొదటి మాట చూపుతోనే సాగింది. వేటను రాజవినోదంగా, ప్రబంధ వర్ణనాంగంగా లెక్కించి ఆ వర్ణనలోని స్వభావోక్తిని, పదబంధాన్ని మెచ్చుకోవడం దానికి పరిపాటి అయింది.

వేటను ఆయుధం వైపు నుంచి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆయుధం ఎవరి చేతిలో ఉంది, అది ఏ పనికి పుట్టింది అనే ప్రశ్నలు వేసినప్పుడు రెండు విషయాలు తేలుతాయి. గొట్టం మూతి నుంచి మందు దట్టించి పేల్చే భర్మారు తుపాకి తెలంగాణ పల్లె జీవితంలో ఒక పనిముట్టు; దాని జీవితంలో ఒక భాగాన్ని మాత్రమే లిఖిత సాహిత్యం స్వీకరించింది. మిగిలిన భాగం మౌఖిక సంప్రదాయంలో, పిట్టలదొర భుజం మీది కట్టె తుపాకిలో నిలిచింది. ఇందుకు చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాన్ని నిదర్శన క్షేత్రంగా తీసుకోవడం జరిగింది. పాలకుల వేట అడవి, మెట్టసేద్యం, పిట్టలదొర పరంపరకు నేటి కొనసాగింపు ఈ ఒక్క దారిలోనే ఎదురవుతాయి.

కావ్యంలో విల్లు

దండి కావ్యాదర్శంలో చెప్పిన పద్దెనిమిది వర్ణనల్లో మృగయ లేదు. విశ్వనాథుని సాహిత్యదర్పణం నాటికి అది మహాకావ్య వర్ణనల పట్టికలో చేరింది. తెలుగు ప్రబంధకవులు దానిని ఇష్టంగా స్వీకరించారు. అయితే కథలో వేట చేసే పని వర్ణన కన్నా పాతది. దుష్యంతుడు వేటకు వచ్చి శకుంతలను చూస్తాడు. పాండురాజు వేటలో శాపం పొందుతాడు. పరీక్షిత్తు వేటలో దప్పిగొని శమీకుని మెడలో చచ్చిన పామును వేస్తాడు. మనుచరిత్రలో స్వరోచి వేటకు వెళ్లినప్పుడే మనోరమ ఆర్తనాదం వింటాడు. ఈ కథలన్నింటిలో వేట రాజును ఊరి కట్టుబాటు నుంచి బయటకు తెచ్చి, మరొక కర్మకు అప్పగించే ద్వారం. చంపిన జంతువు తిండి అవుతుందా, ఎవరికి అవుతుంది అనే ప్రశ్న ఇక్కడ పుట్టదు. మనుస్మృతి కామజ వ్యసనాల్లో మృగయను మొదట లెక్కించిందంటే, అది రాజును దృష్టిలో పెట్టుకొని చేసిన లెక్క. ఆకలికి వేటాడేవాని పనిని వ్యసనం అనలేము.

ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలోని తిన్నడు ఈ వరుసకు చెందడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం నాటికే తెలుగులోకి వచ్చిన కన్నప్ప కథ ఇది. ఇందులో వేట నాయకుని కులవృత్తి. కొట్టిన మాంసం అతని ఆహారం, అదే నైవేద్యం. విల్లు అతని చేతిలో అలంకారం కాదు. రాజు వేటలో పరివారంగా కనిపించే బోయ ఇక్కడ కథానాయకుడైనందువల్లే వేట తిండితో, తిండి భక్తితో ముడిపడింది. ఆయుధం పట్టినవాడు మారితే వర్ణన అర్థం మారుతుందనడానికి ప్రాచీన సాహిత్యంలో ఇంతకన్నా మంచి నిదర్శనం దొరకదు.

ఇక్కడ గమనించదగిన అంశం మరొకటి ఉంది. 1520లో రాయచూరు ముట్టడిలో శ్రీకృష్ణదేవరాయల పక్షాన పోర్చుగీసు తుపాకిదారులు పోరాడారని నూనిజ్ రాతల వల్ల తెలుస్తున్నది. పెద్దన తన కావ్యాన్ని అంకితమిచ్చిన రాజుకు తుపాకి తెలుసు. అయినా స్వరోచి వేట పురాణకాలపు వేటే. పురాణ నాయకుని చేతికి తుపాకి ఇవ్వడం అనౌచిత్యం కనుక కవిని తప్పుపట్టే పని లేదు. కాని ఈ ఔచిత్యానికి ఒక దీర్ఘకాలిక ఫలితం ఉంది. వేట అనగానే సాహిత్య స్మృతిలో విల్లే మెదులుతుంది. వేటగాని చేతికి తుపాకి వచ్చాక అతనిని వర్ణించడానికి కావ్యభాష వద్ద సిద్ధంగా పదసామగ్రి లేకపోయింది.

పనిముట్టుగా భర్మారు

భర్మారు అనే మాట ‘నింపడం’ అనే అర్థం గల హిందుస్తానీ ధాతువుతో ముడిపడింది. పేరులోనే దాని పద్ధతి ఉంది. గొట్టంలో నల్లమందు పోయాలి. గుడ్డపీలికో పీచో కుక్కాలి. గుళ్లు వేసి మళ్లీ కుక్కి కడ్డీతో దట్టించాలి. చివరకు టోపీ పెట్టి గుర్రం ఎత్తాలి. నల్లమందులో సురేకారం, బొగ్గు, గంధకం సుమారుగా 75, 15, 10 పాళ్లలో ఉంటాయి. మందు చెమ్మగిల్లితే పేలదు, ఎక్కువైతే గొట్టమే పగలవచ్చు. పేలితే పొగ కమ్ముతుంది. గురి తప్పితే రెండో దెబ్బకు మొదటి నుంచి మొదలుపెట్టాలి. అప్పటిదాకా మృగం ఆగదు. కనుక ఈ తుపాకి పట్టినవాడికి ఓపిక, దగ్గరితనం, గాలివాటం తెలియడం ముఖ్యం. ప్రబంధ మృగయ సమృద్ధిని వర్ణిస్తుంది: అనేక మృగాలు, అనేక బాణాలు, కుక్కలు, వలలు. భర్మారు వేట ఒక్క దెబ్బ మీద నిలిచిన కథ. రెండింటి కథనకాలం ఒకటి కాదు.

ఈ తుపాకికి సేద్యంతో ఉన్న సంబంధాన్ని చట్టం సాహిత్యం కన్నా స్పష్టంగా గుర్తించింది. 1959 ఆయుధాల చట్టం 13వ విభాగంలో లైసెన్సు మంజూరుకు సంబంధించి, నిజమైన పంట రక్షణ కోసం వాడే మూతిమందు తుపాకిని ప్రత్యేకంగా పేర్కొన్నది. అంటే చట్టం దృష్టిలో ఇది రైతు తుపాకి. తెలుగులో ‘మంచె’ అనే మాట దీనికి తోడుసాక్ష్యం. జొన్నచేలో పిట్టలను తోలడానికి ఎక్కేది మంచె. మృగం కోసం మాటువేసి కూర్చునేదీ మంచె. మంచె మీద మొదటి ఆయుధం ఒడిసెల. దాని పక్కన భర్మారు చేరింది. పంట కాపలా, వేట ఒకే కట్టె నిర్మాణం మీద జరిగిన పనులు. వీటిని రెండు వేర్వేరు వస్తువులుగా విడదీసింది సాహిత్య వర్గీకరణే.

పోరాట కథనంలో భర్మారు

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో (1946–51) భర్మారు సాహిత్యంలోకి బలంగా ప్రవేశించింది. అయితే ఆ పోరాటానికి నాంది పలికిన తుపాకి ప్రజలది కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను బలిగొన్నది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి. ఊరి జనం చేతిలో అప్పటికి ఉన్నవి కర్రలు, ఒడిసెలలు. తర్వాత భర్మార్లు వచ్చాయి, ఆపై శత్రువు నుంచి లాక్కున్న రైఫిళ్లు వచ్చాయి. ఈ క్రమంలో ఒడిసెల, భర్మారు రెండూ చేను నుంచి పోరాటానికి నడిచిన పనిముట్లు. పిట్టనుంచి, పందినుంచి పంటను కాచిన చెయ్యే దొరనుంచి పంటను కాచింది. కాపలా అనే క్రియ మారలేదు, ఎదుటివాడు మాత్రం మారాడు.

‘మా భూమి’ నాటకం, బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’ మొదలుకొని వచ్చిన పోరాట సాహిత్యాన్ని విమర్శ సహజంగానే వర్గచైతన్యం దృష్టితో చదివింది. అందులో తుపాకి సాయుధతకు సంకేతమైంది. ఆ చదువు తప్పు కాదు. కాని అదే తుపాకి అంతకుముందు ఏ మంచె మీద ఉండేది, దాన్ని పేల్చడం ఆ మనిషికి ఎక్కడ అలవడింది అనే ప్రశ్నలకు అందులో చోటు తక్కువ. సంకేతంగా మారిన వస్తువు తన పాత పనిని మరచిపోయింది. అల్లం రాజయ్య, సాహు రాసిన ‘కొమురం భీం’ నవల ఈ విషయంలో మరో చదువుకు అవకాశమిస్తుంది. 1940లో జోడేఘాట్‌లో ముగిసిన ఆ పోరాటానికి అడవి మీది హక్కే మూలం. అడవి చట్టం ఆదివాసికి తన అడవిని పరాయిది చేసినప్పుడు వేట, పోడు, తిరుగుబాటు మూడూ ఒకే హక్కు ముఖాలవుతాయి. వేటగాని చేతిలోని ఆయుధాన్ని అతని జీవనం నుంచి విడదీయకుండా చూడడానికి ఇటువంటి రచనలే దారి చూపుతాయి.

చేవెళ్ల దారి

హైదరాబాదు నుంచి బీజాపూరు పోయే దారిలో మొయినాబాద్, చేవెళ్లల మధ్య రోడ్డుకు ఇరువైపులా నిలిచిన వందలాది మర్రిచెట్లు నేడు అందరికీ తెలిసినవే. ఆ దారికి చేరువలో చిలుకూరు వద్ద ఉన్న మృగవని ఒకప్పుడు నిజాం పాలకుల వేట అడవి. 1994లో అది జాతీయోద్యానమైంది. చుక్కల దుప్పి, కణుజు, అడవిపంది, నెమలి అక్కడి జీవాలు. వేట అడవి రక్షిత వనంగా మారడం మంచి మార్పు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 నాటి దాని సవరణ తర్వాత వినోదపు వేటకు తావు లేదు. ప్రాణానికో పంటకో ముప్పు వచ్చినప్పుడు అనుమతితో చేసే చర్య మాత్రమే మిగిలింది. ఆ అవసరాన్ని ఎవరూ కాదనలేరు.

కాని స్మృతి విషయంలో ఒక అసమానత మిగిలిపోయింది. రాజు షికారుకు ఫలకంలోనో, ఛాయాచిత్రంలోనో, పర్యాటక పుస్తకంలోనో చోటుంది. మృగాన్ని పొదల నుంచి లేపి తుపాకి ముందుకు తరిమిన జనానికి, చేను కాచుకొన్న రైతుకు ఆ చోటు లేదు. ఆ కాలపు పల్లెలో అధికారి పర్యటనకు వస్తే ఊరు వెట్టి చేయవలసిందే. మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి 1936లో షాద్‌నగర్ ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించారు. ఆ ఉద్యమం మొదటి నుంచి ఎత్తుకున్న సమస్యల్లో వెట్టి ముఖ్యమైనది. షికారు అనే మాటలోని తీరిక ఎవరి వెట్టి మీద నిలిచిందో ఈ నేపథ్యంలో అర్థమవుతుంది.

పిట్టలదొర కట్టె తుపాకి

ఈ అసమానతకు సాహిత్యపరమైన సమాధానం లిఖిత రచనలో కాక వీధిలో పుట్టింది. తుపాకి రాముడు, లత్కోర్ సాబ్ అనే పేర్లతో కూడా తెలంగాణకు పరిచితుడైన పిట్టలదొర ఖాకీ దుస్తులు వేసి, టోపీ పెట్టి, భుజాన కట్టె తుపాకి వేసుకొని ఊళ్లోకి వస్తాడు. ఊపిరి తిప్పుకోకుండా తన ఆస్తులను, వేటలను, పరాక్రమాలను ఏకరువు పెడతాడు. ఒక మాట ముందరి మాటను కొట్టేస్తుంది. ఉర్దూ, ఇంగ్లిషు ముక్కలు విరిగి తెలుగులో కలుస్తాయి. చివరకు అంతటి దొరా పాత బట్టకో గుప్పెడు గింజలకో చేయి చాస్తాడు.

దీనిని కేవలం నవ్వు పుట్టించే యాచనగా చూడడం సులువు. కాని రూపాన్ని నిశితంగా పరిశీలిస్తే ఇది మృగయావర్ణనకు అధిక్షేప రూపమని తెలుస్తుంది. ప్రబంధంలో ఉన్న సమృద్ధి, అతిశయోక్తి, పట్టికలా సాగే వాక్యం ఇక్కడా ఉన్నాయి. అయితే వాటి వెనుక మృగమూ లేదు, మందూ లేదు, పేలే గొట్టమూ లేదు. దొర అనే పదానికి ముందు ‘పిట్టల’ చేరగానే అధికారం చిన్నదైపోతుంది. దొర తుపాకి ఊరిని భయపెడుతుంది. పిట్టలదొర తుపాకి ఊరిని నవ్విస్తుంది. భయాన్ని నవ్వుగా మార్చడానికి అతడు వాడిన సాధనం ఆయుధం నకలే. వెట్టి చేసినవాడు షికారును ఎలా చూశాడో తెలియడానికి ఇంతకంటే నమ్మదగిన పాఠం మరొకటి అరుదు.

ఈ పరంపర చేవెళ్లకు దూరమైనది కాదు. చేవెళ్ల మండలంలోని పామెన నుంచి వచ్చిన నటుడు బిత్తిరి సత్తి 2019లో ‘తుపాకి రాముడు’ అనే చిత్రంలోనే ప్రధానపాత్ర ధరించారు. వీధికళ పేరు వెండితెరకు ఎక్కడం దాని సజీవతకు గుర్తు. అయితే పేరు నిలవడం వేరు, పాఠం నిలవడం వేరు. పిట్టలదొర సంభాషణల్లోని వేట ప్రసంగాలు కళాకారుని తరంతోనే పోయే స్వభావం గలవి.

ముగింపు

విల్లు, భర్మారు, కట్టె తుపాకి అనే మూడు ఆయుధాలు తెలుగు వేట సాహిత్యంలో మూడు చూపులు. రాజు చేతిలో విల్లు విధికి ద్వారమైతే, తిన్నని చేతిలో తిండికీ భక్తికీ ఆధారమైంది. భర్మారు చేను కాచి, పోరాటంలో నిలిచి, సంకేతంగా స్థిరపడి తన మొదటి పనిని పోగొట్టుకుంది. కట్టె తుపాకి పేలకుండానే దొరతనాన్ని కొట్టింది. మృగయను వర్ణనగా మాత్రమే చదివే విమర్శకు ఈ మూడింటి మధ్య సంబంధం కనిపించదు.

ఇందువల్ల పరిశోధకుల ముందు ఒక పని నిలుస్తున్నది. వేట ఆగిపోవడం న్యాయమే. కాని దానితో పాటు మందు పాళ్లకు, మంచె భాగాలకు, జాడలకు, గాలివాటానికి ఉన్న పలుకుబడి కూడా పోతున్నది. చేవెళ్ల, మొయినాబాద్ చేలు వేగంగా ఇళ్లస్థలాలవుతున్నవి. మంచె లేని చోట మంచె మాటలు ఎక్కువ కాలం నిలవవు. మృగాన్ని చట్టం కాపాడుతుంది. మాటను కాపాడే చట్టం ఏదీ లేదు. మృగవనిలో దుప్పికి దొరికిన రక్షణ ఆ దుప్పిని ఎరిగినవాని భాషకు కూడా దొరకాలంటే, పిట్టలదొర పాఠాలను, వృత్తిపదాలను కావ్యపాఠాలతో సమానమైన శ్రద్ధతో సేకరించి పరిష్కరించడం తెలుగు శాఖల బాధ్యత.