పుస్తకం కుట్టే పనిముట్టు

రస్ట్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్లు ముందుగా తెరిచే పుస్తకం వెనక ఉన్నవి మామూలు మార్క్‌డౌన్ ఫైళ్లే. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన ఆ రాతపద్ధతిలో శీర్షికకు ఒక్క హ్యాష్ గుర్తు చాలు. 'సమ్మరీ' ఫైలులో అధ్యాయాల వరస రాసిస్తే, ఎమ్‌డీబుక్ అనే పనిముట్టు వాటిని కుట్టి, విషయసూచికతో సహా చేతికిస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఉదాహరణల మీద దానికున్న పట్టింపు. మూడు బ్యాక్‌టిక్‌ల మధ్య రాసిన రస్ట్ కోడ్‌ను 'ఎమ్‌డీబుక్ టెస్ట్' నిజంగా కంపైల్ చేసి, నడిపి చూస్తుంది. ఆ కోడ్‌లో హ్యాష్, ఆ వెంటనే ఒక ఖాళీతో మొదలయ్యే లైన్లు పరీక్షకు అందుతాయి, పేజీలో మాత్రం కనిపించవు. ఉదాహరణ చెడితే ముందు తెలిసేది రాసినవాళ్లకే. చదివేవాళ్లకు ఇంతకన్నా మర్యాద ఏముంటుంది!

రస్ట్‌అప్‌తో రస్ట్ వేసుకున్నవాళ్లు 'రస్ట్‌అప్ డాక్' అని కొట్టి చూడండి. నెట్ లేకపోయినా పుస్తకం అక్కడే ఉంటుంది.